ఎర ట్యాంకు చిన్నదైతేనే మేలు

డాలస్ నుంచి ఈ మధ్యే శాన్ డియేగోకు మారిన మిత్రుడొకడు ఒక ఫోటో పంపాడు. ఎరగా గుచ్చే చేపల్ని బతికించి ఉంచడానికి 60 లీటర్ల ఐస్ పెట్టె, మూతకు రెండు రంధ్రాలు, వాటిలోంచి లోపలికి దిగిన గాలి గొట్టాలు, వాటి చివర అక్వేరియంలో వాడే బుడగల రాళ్లు. పెట్టెను కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) వెనక భాగంలో తాళ్లతో బిగించి, ఫోటో కింద ఒక ముక్క రాశాడు: "పాతిక మేకరెల్ పట్టినా చోటుంటుంది. ఎలా ఉంది?" పెట్టె బాగుంది, అందులో కూల్ డ్రింకులు పెట్టుకో అని జవాబిచ్చాను. మనిషి నొచ్చుకున్నాడు. ఫోనులో ఒక్క ముక్కలో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. అతను ఎలాగూ చదువుతాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కయాక్ మీద ఎర చేప ప్రాణం నిలబడేది పారే నీళ్ల వల్ల. నిలవ ఉంచిన నీళ్లు ఎన్ని లీటర్లున్నా వాటితో ఒరిగేది తక్కువ, మోసే బరువు ఎక్కువ. అందుకని ట్యాంకు చేప తిరగగలిగినంత పెద్దదైతే చాలు, అంతకు మించి ఒక్క లీటరు కూడా దండగ. ఈ మాట ఒప్పుకుంటే ఆకారం, పంపు, బ్యాటరీ, గొట్టాల వరస అన్నీ దానంతట అవే తేలిపోతాయి. ఒప్పుకోని వాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల వాదనలో బలం కూడా ఉంది. అదీ రాస్తాను.

కొర్రమీను వేరు, మేకరెల్ వేరు

బతికున్న చేప అనగానే మన కళ్ల ముందు కదిలేది కొర్రమీను. మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం వరసలో నిలబడ్డవాళ్ల చేతుల్లో చిన్న ప్లాస్టిక్ కవరు, అందులో కాసిని నీళ్లు, ఆ నీళ్లలో కొర్రమీను పిల్ల. అంత ఉక్కపోతలో, అంత తోపులాటలో అది నిక్షేపంగా కదులుతూనే ఉంటుంది. చేపల బజారులో తొట్టెల్లో ఒకదాని మీద ఒకటి పడి ఉన్న కొర్రమీనులూ అంతే. ఇవి చూస్తూ పెరిగినవాళ్లకు చేపకు కావలసింది తొట్టెడు నీళ్లు, కాస్త గాలి అన్న అభిప్రాయం గట్టిపడిపోవడంలో వింత లేదు. కాని కొర్రమీనుకు మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చే ఏర్పాటు ఉంది. నీటి మీదికి వచ్చి నోటితో గాలి అందుకుంటుంది. పైకి రానివ్వకుండా అడ్డం పెడితే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. దాని లెక్కలు దానివి.

మేకరెల్ మన కానాగంతలకు దగ్గరి బంధువు. ఆగకుండా ఈదడమే దాని బతుకు. నోరు కొద్దిగా తెరిచి ముందుకు పోతూ ఉంటేనే మొప్పల మీదుగా నీరు పారుతుంది, ఆక్సిజన్ అందుతుంది. అలాంటిదాన్ని నాలుగు మూలల పెట్టెలో వేస్తే ఏమవుతుందో మా శాన్ డియేగోలోని లా హోయా ఒడ్డున పక్కవాళ్ల పెట్టెల్లోకి తొంగిచూసినప్పుడల్లా కనిపిస్తుంది. గోడ వెంట సాగుతుంది, మూలలో ఇరుక్కుంటుంది, ముక్కుతో గోడను పొడుస్తుంది, తిరగడానికి అవస్థ పడుతుంది, మళ్లీ ఇంకో మూల. కాసేపటికి ముక్కు కొస మీది చర్మం లేచిపోయి ఎర్రగా మారుతుంది. పట్టినప్పుడు వీపు మీద ముదురు ఆకుపచ్చ, దాని మీద నల్లటి వంకర గీతలు నిగనిగలాడుతుంటాయి. ఆ ఆకుపచ్చ వెలిసి బూడిద రంగులోకి దిగిందంటే ఆ చేప పని అయిపోయినట్టే. ఇంకా బతికే ఉంటుంది, గాలానికి గుచ్చి వదిలితే మాత్రం కిందికి దూసుకుపోదు. ఒక పక్కకు ఒరిగి తేలుతుంది. మేం పట్టాలని వెళ్లే పెద్ద చేప ఎల్లోటెయిల్ దాని వంక కన్నెత్తి చూడదు.

అందుకని గుండ్రటి ట్యాంకు అన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ బుడగల దగ్గర వస్తుంది.

బుడగల వల్ల ఆక్సిజన్ కొంత కలిసే మాట నిజం. అయితే నీళ్లలో ఎంత ఆక్సిజన్ ఇమడగలదన్నది వేడి మీద ఆధారపడి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో 9 మిల్లీగ్రాములు పట్టేచోట సముద్రపు నీళ్లలో పట్టేది దాదాపు 7.4. నీళ్లు 30 డిగ్రీలకు వేడెక్కితే అది 6.2కి పడిపోతుంది. ఇక్కడి సముద్రం వేసవిలో కూడా చల్లగానే ఉంటుంది, కాని ఎండలో నిలవ ఉన్న పెట్టెలోని నీళ్లు చల్లగా ఉండవు. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు దాని అవసరం పెరుగుతుంది. పైగా చేప మొప్పల నుంచి అమ్మోనియా విడుస్తూనే ఉంటుంది. బెదిరిన చేప కడుపులో ఉన్నదంతా వదిలేస్తుంది. దీన్ని బయటికి పంపే శక్తి బుడగలకు లేదు.

కైకలూరు దగ్గర చేప పిల్లల వ్యాపారం చేసే మా బాబాయికి ఈ గోలంతా ఫోనులో చెప్పాను. ఆయన సముద్రంలో గాలం వేసిన మనిషి కాదు, కాని చేప పిల్లల్ని ఆక్సిజన్ నింపిన కవర్లలో ఊళ్లకు పంపడం ఆయనకు రోజువారీ పని. మొత్తం విని ఒకే ప్రశ్న అడిగాడు: "మేత ఎప్పుడు ఆపావురా?" నాకు వెంటనే అర్థం కాలేదు. పిల్లల్ని ఎత్తే ముందు రోజే మేత ఆపేస్తారట, కడుపు ఖాళీ అయ్యాకే కవర్లలోకి ఎక్కిస్తారట. లేకపోతే దారిలో అవి వదిలినదానితోనే నీళ్లు చెడిపోతాయి. "నువ్వేమో కడుపు నిండా తిని తిరుగుతున్నదాన్ని పట్టి అప్పటికప్పుడు తొట్టిలో వేస్తున్నావు. ఆ నీళ్లు మార్చకుండా ఎంతసేపు ఉంచుతావు?" అన్నాడు. ఇక్కడి రేవుల్లో ఎర చేపలు అమ్మే బార్జ్‌ల వాళ్లు సార్డీన్లను రోజుల తరబడి నీటిలో తేలే దొడ్లలో ఉంచి, గట్టిపడ్డాకే అమ్మడం వెనక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. మనం అప్పటికప్పుడు పట్టే మేకరెల్‌కు ఆ అవకాశం లేదు. నీళ్లు మార్చడమే దారి.

లీటర్ల లెక్క

నా ట్యాంకు ఒక గుండ్రటి ప్లాస్టిక్ డ్రమ్ము. లోపలి వ్యాసం 35 సెంటీమీటర్లు, నీళ్లు నిలిచే ఎత్తు 25. అంటే 24 లీటర్లు. సముద్రపు నీళ్లను ఆగకుండా అందులోకి తోడే పంపు డబ్బా మీద గంటకు 500 గ్యాలన్లు అని రాసి ఉంది, మన లెక్కలో దాదాపు 1,900 లీటర్లు. పైకి ఎత్తడం, గొట్టం, వంపులు కలిసి అందులో సగం మింగేస్తాయనుకుందాం. అప్పుడు కూడా నిమిషానికి 15 లీటర్లు వస్తాయి. ఒకటిన్నర నిమిషం దాటేసరికి ట్యాంకెడు కొత్త నీళ్లు వచ్చినట్టు. అదే పంపును మిత్రుడి 60 లీటర్ల పెట్టెకు తగిలిస్తే నాలుగు నిమిషాలు పడుతుంది.

నాలుగు నిమిషాలైతే మాత్రం కొంప మునిగిందా అని అడగవచ్చు. మునగలేదు. అసలు సంగతి వేరే చోట ఉంది. పంపు నడుస్తున్నంతసేపు ఒక్కో చేప వాటాకు వచ్చే ఆక్సిజన్‌ను తేల్చేవి రెండే: నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయి, వాటిని ఎన్ని చేపలు పంచుకుంటున్నాయి. ఆరు చేపలుంటే తలకు రెండున్నర లీటర్లు. డ్రమ్ము 24 లీటర్లదైనా, పెట్టె 60 లీటర్లదైనా ఈ వాటా మారదు. పాతిక చేపలు వేస్తే తలకు అర లీటరు పైచిలుకు మాత్రమే, పెట్టె ఎంత పెద్దదైనా సరే. "చోటుంటుంది" అన్న మాటలో ఉన్న మెలిక ఇదే. చోటు ఉంటే ఉండవచ్చు, ఊపిరి ఉండదు.

మరి ఆ అదనపు 36 లీటర్ల వల్ల ఏ లాభమూ లేదా అంటే ఒకటుంది. పంపు ఆగిపోయిన రోజున చేపలు ఇంకాసేపు తట్టుకుంటాయి. అంటే అది బీమా. ఆ బీమాకు కట్టే ప్రీమియం, సముద్రపు నీళ్లు లీటరుకు కిలో కన్నా కొంచెం ఎక్కువే తూగుతాయి కాబట్టి, 37 కిలోలు. ఒక అదనపు పంపు సంచిలో పడేసుకుంటే అర కిలో కూడా ఉండదు, పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. పెద్ద పడవ ఉన్నవాడు మొదటి బీమా తీసుకున్నా అతనికి పోయేదేమీ లేదు. కయాక్‌లో కూర్చున్నవాడికి ఆ 37 కిలోలు వీపు వెనకే ఉంటాయి. వెనక బరువు పెరిగితే ముక్కు పైకి లేస్తుంది. మధ్యాహ్నం పడమటి గాలి లేచాక, లేచిన ముక్కును గాలి ఎటు తోస్తే కయాక్ అటు తిరుగుతుంది. ప్రతి నాలుగు తెడ్లకూ ఒక తెడ్డు దాన్ని సరిదిద్దడానికే పోతుంది.

"సగమే నింపుతాను లే" అన్నాడు మిత్రుడు. అది ఇంకా ప్రమాదం. నిండుగా ఉండి మూత బిగించిన ట్యాంకు చచ్చినట్టు ఒకచోట పడి ఉంటుంది. సగం నిండిన పెట్టెలో నీళ్లు కయాక్ ఒరిగిన వైపుకే పరుగెత్తి దాన్ని ఇంకా ఒరిగేలా చేస్తాయి. ఓడలు కట్టేవాళ్లకు ఇది ఎప్పటి నుంచో ఉన్న తలనొప్పి. తొట్టి వెడల్పు రెట్టింపైతే ఈ ప్రభావం ఎనిమిది రెట్లు అవుతుందని వాళ్ల లెక్క. అందుకే వెడల్పాటి బేసిన్లు కూడా నాకు నచ్చవు. పొంగి బయటికి పోయే గొట్టం మూతకు వేలెడు కిందనే ఉండాలి, ట్యాంకు ఎప్పుడూ అంచుదాకా నిండే ఉండాలి.

ఇక ఒడ్డు సంగతి. లా హోయా షోర్స్ దగ్గర ఇసుక మీది నుంచి నేరుగా అలల్లోకి దిగాలి. ఒడ్డును ఆనుకుని ఉన్న రక్షిత ప్రాంతంలో చేపలు పట్టడం నిషేధం, దాన్ని దాటాకే గాలం వెయ్యాలి. కాబట్టి వెళ్లేటప్పుడు ఎవరి ట్యాంకైనా ఖాళీయే. తేడా తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది. అలలు విరిగే చోటుకు రాకముందే ట్యాంకు ఖాళీ చెయ్యాలి. 24 లీటర్లు, అడుగున ఉన్న బిరడా తీసి నాలుగు తెడ్లు వేసేలోపు పోతాయి. పెద్ద పెట్టెతో వచ్చిన ఒకాయన ఓపిక లేక నీళ్లతోనే అలల్లోకి వచ్చాడు. వెనక నుంచి అల ఎత్తింది, నీళ్లన్నీ ముందుకు ఉరికాయి, కయాక్ అడ్డం తిరిగి బోర్లా పడింది. మనిషికి ఏమీ కాలేదు. రెండు గాలపు కర్రలు పోయాయి, పెట్టె మూత మాత్రం మా కాళ్ల దగ్గరికే కొట్టుకొచ్చింది.

ఇంతా చేసి ట్యాంకును మరీ చిన్నది చెయ్యడానికీ వీల్లేదు. పెయింటు బకెట్టుతో కట్టినవాళ్లున్నారు. చిన్న సార్డీన్లకు అది చాలు. 23 సెంటీమీటర్ల మేకరెల్ అందులో ఎప్పుడూ విల్లులా వంగే ఉంటుంది, నడుము చాపడానికి దానికి చోటు దొరకదు. చేప పొడవుకు ఒకటిన్నర రెట్ల వ్యాసం ఉండాలన్నది నేను పెట్టుకున్న హద్దు. 35 సెంటీమీటర్లు అలా వచ్చినవే.

మినికాయ్ పడవలు

పారే నీళ్ల సిద్ధాంతం నేను కనిపెట్టింది కాదు, కాలిఫోర్నియా వాళ్లు కనిపెట్టిందీ కాదు. లక్షద్వీప్‌లోని మినికాయ్‌లో ట్యూనాను ఇప్పటికీ గాలపు కర్రలతో పడతారు. చిన్న ఎర చేపల్ని లగూన్‌లో (పగడపు దిబ్బల లోపలి నిలకడ నీళ్లలో) పట్టి, పడవ మధ్యలో ఉన్న అరలో బతికించి, ట్యూనా మంద కనిపించిన చోట చల్లుతారు. ఆ అరకు అడుగున, పడవ చెక్కలోనే రంధ్రాలుంటాయి. సముద్రం కింద నుంచి లోపలికి వస్తుంది, పోతుంది. మాల్దీవుల సంప్రదాయ పడవల్లోనూ ఇదే పద్ధతి. మోటారు, బ్యాటరీ ఏవీ లేకుండా, పడవకు తామే చిల్లులు పెట్టుకుని నీళ్లను పిలిచినవాళ్ల తెలివి ముందు నా పంపు ఒక లెక్కా?

కయాక్‌లో అదే చెయ్యలేమా అని చాలా రోజులు ఆలోచించాను. కయాక్‌కు కూడా అడుగుదాకా చిల్లులుంటాయి, లోపలికి వచ్చిన నీళ్లు కారిపోవడానికి. కాని ట్యాంకు కూర్చునే చోటు సముద్ర మట్టం కన్నా కాస్త ఎత్తులో ఉంటుంది. చిల్లులోంచి నీళ్లు తమంతట తాము అంత ఎత్తుకు ఎక్కవు. మినికాయ్ పడవలో ఆ అర నీటి మట్టానికి కిందికి ఉంటుంది, అదీ తేడా. అందుకని పంపు తప్పదు. ఆ పంపును ఆ చిల్లులోంచే కిందికి దించడం మాత్రం వీలవుతుంది.

మరో దారి కూడా ఉంది, నిజాయితీగా చెప్పాలంటే నా సిద్ధాంతానికి నా ట్యాంకు కన్నా అదే దగ్గర. లావుపాటి పీవీసీ గొట్టానికి నిండా రంధ్రాలు పెట్టి, రెండు చివరలా మూతలు వేసి, చేపల్ని అందులో ఉంచి కయాక్ పక్కన నీళ్లలోనే లాక్కుపోవడం. ఖర్చు దాదాపు లేదు, బరువు లేదు, నీళ్లు సాక్షాత్తు సముద్రానివే. ఒడ్డుకు దగ్గరగా ఒకేచోట కూర్చునేవాళ్లకు దాన్ని మించింది లేదు. తెడ్డు వేసి దూరం పోయేవాళ్లకు అది లాగుడు బరువు, వేగం పెరిగితే చేపలు గొట్టం వెనక మూతకు అతుక్కుపోతాయి. వీటికన్నా పెద్ద చిక్కు లా హోయాలో ఉంది: సీ లయన్లు, అంటే సీల్‌లను పోలిన సముద్ర జంతువులు. కోవ్ అనే చిన్న ఒంపు తీరం దగ్గర రాళ్ల మీద అవి గుంపులుగా పడుకుని ఉంటాయి, ఆకలేస్తే మన దగ్గరికే వస్తాయి. నా పక్క కయాక్‌లో ఉన్న ఒక అమ్మాయి గొట్టాన్ని ఒక సీ లయన్ నోట కరుచుకుని, తాడు తెగేదాకా కయాక్‌ను గిర్రున తిప్పింది. అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం వాటిని వేధించడం నేరం. తెడ్డు ఎత్తి బెదిరించకుండా ఆ పిల్ల చూస్తూ కూర్చుంది, మేమూ చూస్తూ కూర్చున్నాం.

ప్లాస్టిక్‌కు ఏదీ అంటదు

కట్టే పద్ధతి వరసగా చెప్పబోవడం లేదు, వీడియోలు కొల్లలుగా ఉన్నాయి. వాటిలో సరిగ్గా చెప్పని రెండు మూడు సంగతులే చెబుతాను.

మొదటిది అతుకులు. ఈ డ్రమ్ములు, బకెట్లు పాలిథిలిన్‌వి. సిలికాన్ పూసి రాత్రంతా ఆరబెడితే పొద్దునకు గట్టిగా, అందంగా కనిపిస్తుంది. అంచు దగ్గర బొటనవేలి గోరు పెట్టి లేపి చూడండి. మొత్తం ఒకే పట్టీగా, చిన్న శబ్దం కూడా లేకుండా ఊడి చేతిలోకి వస్తుంది. కింద ప్లాస్టిక్ అద్దంలా శుభ్రంగా ఉంటుంది. పాలిథిలిన్‌కు మామూలు జిగురు ఏదీ అంటుకోదు. లోపల ఒక రబ్బరు వాషరు, బయట ఒక నట్టు ఉండి, రెండు వైపుల నుంచీ గోడను నొక్కి పట్టే ఫిట్టింగే వాడాలి. రంధ్రం కూడా వంపు తక్కువగా ఉన్న చోట పెట్టాలి, లేకపోతే గుండ్రటి గోడ మీద వాషరు సమంగా కూర్చోక పక్కల నుంచి కారుతుంది. ఆ వాషరు పావలా వస్తువు, మొత్తం ట్యాంకు నిలిచేది దాని మీదే.

రెండోది గొట్టాల లావు. లోపలికి నీళ్లు పంపు తోస్తే వస్తాయి, బయటికి వాటి బరువు మీద అవే పోవాలి. ముప్పావు అంగుళం గొట్టంతో లోపలికి పంపి అదే లావు గొట్టంతో బయటికి పంపుదామంటే ట్యాంకు పొంగి కూర్చున్నవాడి వీపు తడుస్తుంది. బయటి గొట్టం కనీసం అంగుళంన్నర ఉండాలి. దాని నోటికి పెట్టే జల్లెడను మేకరెల్ పొలుసులు పూడ్చేస్తాయి కాబట్టి జల్లెడ కూడా పొడుగ్గా, ఎక్కువ రంధ్రాలతో ఉండాలి. లోపలికి వచ్చే నీళ్లను గోడ వెంబడి ఒక వాలుగా వదిలితే ట్యాంకంతా మెల్లగా సుడి తిరుగుతుంది. ఆ సుడికి ఎదురుగా చేపలన్నీ ఒకే వైపు ముఖం పెట్టి, ఉన్నచోటనే ఉండి ఈదుతాయి. మూత తెరిచి ఈ ఒక్కటీ చూస్తే చాలు, ట్యాంకు సరిగ్గా కుదిరిందో లేదో తెలిసిపోతుంది. ఒక్కోటి ఒక్కో వైపు తిరుగుతుంటే నీళ్లు ఎక్కడో సరిగ్గా పారడం లేదన్నమాట.

మూడోది పంపు స్వభావం. ఈ చిన్న పంపులు గాలిని లాగలేవు. రెక్కల దగ్గర గాలి చిక్కుకుంటే మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. చెవిని నమ్మి కూర్చున్నవాళ్ల చేపలన్నీ పోతాయి. గొట్టం ఎక్కడా కిందికి దిగి మళ్లీ పైకి లేవకుండా, పంపు నుంచి ట్యాంకు దాకా ఒకే ఎక్కుడుగా ఉంటే గాలి దానంతటదే పోతుంది.

బ్యాటరీ లెక్క ఎవరికి వారు వేసుకోవలసిందే. నా పంపు సుమారు 2 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆరు గంటలకు 12 ఆంపియర్ అవర్లు. అంత సామర్థ్యం ఉన్న సీసం బ్యాటరీ నాలుగు కిలోల దాకా తూగితే, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటిన్నర కిలోతో పోతుంది. ధర చూసి నోరు తెరిచాను, కొన్నాను. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టండి. ఉప్పునీళ్లలో తీగలు ఎప్పుడు కలుసుకుంటాయో చెప్పలేం. బ్యాటరీ ఆదా కోసం పంపును ఐదు నిమిషాలు నడిపి ఐదు నిమిషాలు ఆపే టైమరు పెడతారు కొందరు. ఆగిన ఐదు నిమిషాల్లో సుడి కూడా ఆగిపోతుంది. దానికి బదులు ఆగకుండా నడిచే చిన్న పంపు పెట్టుకోవడం మేలని నా ఉద్దేశం.

ఎదుటివాళ్ల మాటలో నిజం

ఇప్పుడు మిత్రుడి పక్షాన. అతను టెక్సాస్‌లో నేర్చుకున్నవాడు. గాల్వెస్టన్ బే లాంటి చోట్ల ఎర అంటే బతికున్న రొయ్య. రొయ్యకు ఆగకుండా ఈదవలసిన పని లేదు, బకెట్టులో ఒక బుడగల రాయి వేస్తే సుఖంగా ఉంటుంది. పైగా అక్కడ పెద్ద వాన పడ్డాక నదుల నీళ్లు వచ్చి పై పొర ఉప్పదనం పోతుంది. దుకాణంలో ఉప్పునీళ్లలో ఉన్న రొయ్యను కొని, బయటి నీళ్లు పంపుతో తోడిపోస్తే చేజేతులా చంపినట్టే. అలాంటి చోట మూసి ఉంచిన నీళ్లే క్షేమం, అప్పుడు లీటర్లు ఎక్కువైతే మంచిదే. అతని పెట్టె తప్పు పెట్టె కాదు, తప్పు సముద్రంలోకి వచ్చింది.

మా సముద్రం కూడా ఎప్పుడూ నమ్మకమైనది కాదు. 2020 వసంతంలో దక్షిణ కాలిఫోర్నియా తీరమంతా నీళ్లు ఎర్రబారాయి. రాత్రిళ్లు అలలు నీలంగా మెరిసిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ సూక్ష్మజీవులు చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ను తినేశాయి, కొన్నిచోట్ల చేపలు తేలాయి. అలాంటి నీళ్లను నిమిషానికి 15 లీటర్ల చొప్పున ట్యాంకులోకి తోడితే నా సిద్ధాంతమే నా ఎరను చంపుతుంది. పారే నీళ్లు కింద ఉన్న నీళ్లంత మంచివే, అంతకన్నా మంచివి కాలేవు. దీనికి నా దగ్గర ఉన్న సమాధానం ఒక్కటే: నీళ్లు టీ రంగులో కనిపించిన రోజున ప్లాస్టిక్ ఎరలతో సరిపెట్టుకోవడం.

కొనుక్కోవచ్చు కదా అన్నది ఇంకో వాదన. కయాక్ కంపెనీలే తమ మోడళ్లకు సరిపడే ట్యాంకులు అమ్ముతున్నాయి, అవి చక్కగానే ఉంటాయి. పంపు, బ్యాటరీ ఖర్చులు కలుపుకుంటే ఇంట్లో కట్టినదానికీ దానికీ తేడా జనం గొప్పగా చెప్పుకునేంత ఏమీ లేదు. ఇంట్లో కట్టుకోమనడానికి నా కారణం వేరు. ఒడ్డుకు రెండు కిలోమీటర్ల దూరంలో నీళ్లు ఆగిపోతే ఎక్కడ చూడాలో, ఏ క్లిప్పు విప్పాలో కట్టినవాడి వేళ్లకు తెలుస్తుంది.

అత్తయ్య అడిగినది

వేసవికి మా ఇంటికి వచ్చిన అత్తయ్య నేను గ్యారేజీలో డ్రమ్ముకు రంధ్రాలు పెడుతుంటే కుర్చీ వేసుకుని కూర్చుని చూసింది. చేపల కూర వండడంలో చెయ్యి తిరిగిన మనిషి, సెంటిమెంటు ఏమీ లేదు. అంతా విన్నాక, "పట్టబోయే చేపకన్నా ఎర చేపకే మర్యాద ఎక్కువగా ఉందే బాబూ! గాలానికి గుచ్చేదానికి ఇంత వైభోగం దేనికి?" అంది.

గ్యారేజీలో నవ్వి ఊరుకున్నాను గాని ఆ ప్రశ్న ఊరుకోలేదు. దాని సుఖం కోసం చేస్తున్నానని అంటే అబద్ధం. హుషారుగా ఈదే ఎరకు ఎల్లోటెయిల్ పడుతుంది, అందుకే చేస్తున్నాను. కాని పాతిక పట్టి పెట్టెలో కుక్కి, ఇరవై చచ్చాక ఐదింటిని వాడుకునేవాళ్లను చూసినప్పుడు నాకు రోత పుడుతుంది, ఆ రోతకు గాలం లెక్కలతో సంబంధం లేదు. చిన్న ట్యాంకులో ఆరే పడతాయి. ఆరు వాడుకున్నాక మళ్లీ కావాలంటే మళ్లీ పట్టుకోవాలి. మిగిలితే బిరడా తీసేముందు చేత్తో పట్టి వదిలేస్తాను, వాటిలో ఎక్కువ భాగం కిందికి దూసుకుపోతాయి. అత్తయ్యకు ఈ జవాబు చెబితే, వదిలేసేవాటిని ఇంటికి తేవచ్చు కదా, పులుసు పెడతాను అంది. మేకరెల్ పులుసు నిజంగానే బాగుంటుంది.

స్క్విడ్ రోజులు

మిత్రుడు నిన్న ఫోను చేసి, నొప్పి తగ్గినట్టుంది, పెద్ద పెట్టెకు ఒక చివరి వాదన వినిపించాడు. వసంతంలో స్క్విడ్ గుడ్లు పెట్టడానికి సముద్రం అడుగున ఉన్న లా హోయా లోయ అంచులకు వస్తుంది, దాని వెంట వైట్ సీబాస్ అనే పెద్ద చేప వస్తుంది. ఆ రోజుల్లో బతికున్న స్క్విడ్‌ను మించిన ఎర లేదు. అది బెదిరితే సిరా చిమ్ముతుంది. చిన్న ట్యాంకులో ఒక్కటి చిమ్మినా నీళ్లన్నీ నల్లగా మారతాయి కదా, పెద్దదాంట్లో అయితే పలచబడుతుంది కదా అన్నాడు.

పలచబడుతుంది, కాని అంతే ఎక్కువసేపు లోపలే ఉంటుంది. చిన్నదాంట్లో చిక్కగా ఉన్నా మూడు నాలుగు నిమిషాల్లో చాలా వరకు కడిగేసుకుపోతుంది. నేను రెండోదాన్నే కోరుకుంటాను. స్క్విడ్ విషయంలో ఇబ్బంది వేరే ఉంది: దాని మెత్తటి ఒళ్లు బయటి గొట్టపు జల్లెడకు అతుక్కుంటే ఇక విడిపించుకోలేదు. అందుకని ఆ కాలానికి జల్లెడ మారుస్తున్నాను. గొట్టం చుట్టూ అరచేతి వెడల్పున దూరంగా ఇంకో వల చుట్టి, లాగుడు ఒకేచోట పడకుండా చెయ్యాలి. వేసేది నాలుగు స్క్విడ్‌లే. నాలుగు ఏ మూలకని మిత్రుడు అడిగాడు. అయిపోతే ఉన్నచోటనే మళ్లీ గాలం దించితే సరి, అవి కింద ఉన్నాయనే కదా మనం అక్కడిదాకా పోయింది అన్నాను. శనివారం తెల్లవారుజామున పెట్టె ఇంట్లో వదిలేసి రమ్మన్నాను, నా పాత డ్రమ్ము ఒకటి ఖాళీగా ఉంది. వస్తానని అనలేదు, ఆ డ్రమ్ముకు పంపు ఏ సైజు పడుతుందని అడిగాడు.